మిద్దె మెట్లు

మగ్రిబ్ బాంగు అయిపోతానే
మా అత్త హుసేన్‌బీకి నీళ్లొస్తాయి.
"హంద్రి పొంగింది, లేయే పిల్లా!"
బియ్యం డబ్బా ఎత్తుకుంటుంది,
రేషన్ కార్డు రైకలో దోపుకుంటుంది.

ఆ వరద పోయి పదిహేనేండ్లు దాటింది.
జొహరాపురంలో మా గోడల బురదగీతకు
రెండుసార్లు సున్నం కొట్టినాం.
హంద్రిలో ఇప్పుడు పందులు పొర్లే మురుగే.

మొదట్లో వాదించేదాన్ని.
చెయ్యి పట్టి ఏటి దాకా తీస్కపోయి
"చూడు, యాడుండాయి నీళ్లు?" అన్నా.
చూసి ఏడ్చింది.
రాత్రికి మళ్లీ వచ్చినాయి.

ఒకరోజు కసిరి, బయట గొళ్లెం పెట్టినా.
లోపల ఆమె మునిగిపోతున్న కేకలు
వీధంతా విన్నది.
నేనూ విన్నా, తియ్యలేదు చానాసేపు.

ఇప్పుడు డబ్బా నేనే మోస్తా.
పద్నాలుగు మెట్లు, మెట్టుకొక ఆయాసం.
కింద ఫోన్ చూసుకుంటా మా ఆయన
"అమ్మకూ నీకూ ఒకటే పిచ్చి" అంటాడు.

మిద్దె మీద చాప పరుస్తా.
నా ముఖం తడిమి అడుగుతుంది:
"ఎవరింటి పిల్లవమ్మా నువ్వు?
మీవాళ్లంతా ఎక్కినారా?"

ఎక్కినారంటా.

"కొంగు తడిసింది, పిండుకో,
జలుబు చేస్తాది."
పొడి కొంగే.
పిండుకుంటా.