మూడో ఫేడరు

బెళుగుప్పలో చెక్కభజన అయిపోయినాక
కమిటీ పెద్ద ఎర్రిస్వామి
బాడుగలో రెండునూర్లు పట్టుకొని
మిగిలింది నా చేతిలో పెట్నాడు.
"మైకు ఈలేసింది గదప్పా, వన్నూరప్పా."

ఏసింది.
నేనే ఏపిచ్చినా.
ఆ మాట ఆయప్పకు చెప్పలేదు.
వైరు మోచేతికి చుట్టుకుంటా
ఆటో చాటున నవ్వుకున్నా.

పాడేటోళ్లకు పేరుంటాది, దండ ఉంటాది.
డోలాయప్పకు చొక్కాజేబుకు పిన్నీసుతో గుచ్చిన నూరు నోటు.
షామియానా ఎనకాల, జనరేటరు పక్కన
ఎనిమిది గాట్ల పెట్టె ముందర కూర్చున్నోడు
ఉత్తగా కూర్చున్నట్టే లెక్క.

ఓబుళమ్మ యాడ ఊపిరి తీస్తాదో
ఆయమ్మ మొగునికి తెలుసో లేదో, నాకు తెలుసు.
చరణం చివర గొంతు జారేదానికి ముందే
నా చూపుడేలు గింజంత పైకి పోతాది.
వడ్లగింజ కాదు. కొర్రగింజ.
ఆ గింజంత జాగాలోనే
నేను పాడేదంతా.
"ఏం గొంతప్పా" అంటారు జనం.
అననీ.

మా తాత దూదేకేటోడు.
ఊరూరా పాత పరుపులు ఇప్పి
విల్లునారి మీద గూటం తగిలిస్తే
డుంయ్‌మని ఒక మోత.
ముద్దకట్టిన దూది పింజకు పింజ విడిపోయి
తాత కనుబొమ్మల మీద వాలేది.
"నారిని కొట్టగూడదురా, అడగాల" అనేటోడు.
నాకు విల్లు రాలేదు, ఈ పెట్టె వచ్చింది.
హార్మోనియం కింద నలిగిపోయే తాళాల్ని తీసి
పక్కన ఆరేస్తా.
డోలుకూ గొంతుకూ నడుమ ఇంత గాలి వదుల్తా.
ఏకడమే గదా ఇదీ.

ఆ రేత్రి ఏమైందంటే
మూడో సుట్టుకు ఓబుళమ్మ గొంతు పూడిపోయింది.
నోరు తెరుస్తాది, గాలే వస్తాది.
హార్మోనియం ఆయప్ప బీడీకి పోయినాడు.
ఇరవైమంది, కాళ్లకు గజ్జెలు, చేతుల్లో చెక్కలు,
ఎత్తిన అడుగు ఎత్తినట్టే.

ఎకోకు పోయే వైరు పీకినా.
తిప్పి మూడో గాట్లోకే పొడిచినా.
తన మాట తానే ఇనుకున్న పెట్టె
మొదట మూలిగింది, కడుపునొప్పి బిడ్డ మాదిరి.
తర్వాత సన్నగా లేచింది.
ట్రెబులు తగ్గిస్తే తీతువుపిట్ట,
బేసు పెంచితే
గుట్ట మీద గాలిమర రెక్క కిందికి దిగే చప్పుడు.
ఒక్క ఎంట్రుకవాసి తప్పితే చెవులు పగిలిపోతాయి.
ఏలు వణికింది. వణుకూ పాటలో కలిసింది.

మూడో ఫేడరు బాగలేదు.
ఇరవై ఏండ్ల ఎర్రదుమ్ము, చెనక్కాయపొట్టు,
ఏ పెండ్లిలోనో పడిన కుంకుమ,
అన్నీ ఆ గాట్లో ఉండాయి.
తోస్తే కరకరమంటాది.
"మార్చాలన్నా" అన్నాడు ఉరవకొండలో రిపేరీ సుభాను.
మార్చలే.
ఆ కరకరనే పైకీ కిందికీ,
రెండు పొట్టి, ఒకటి పొడుగు,
రెండు పొట్టి, ఒకటి పొడుగు...

ముందు ఒకడు దించినాడు అడుగు.
ముసలాయప్ప, కుంటి కాలాయప్ప.
తర్వాత ఇరవై జతల చెక్కలు ఒక్కసారిగా
నా దుమ్ము మీద పడినాయి.

ఎంతసేపో తెలీదు.
హార్మోనియం ఆయప్ప పరిగెత్తుకొచ్చి
"ఆపప్పా, మైకు చెడిపోయింది!" అని అరిచేదాకా.

పొద్దున బస్సు కోసం నిలబడిన ఓబుళమ్మ
ఆటో కాడికి వచ్చింది.
గొంతు ఇంకా రాలేదు.
పెదాల్తోనే అడిగింది: "పాడింది ఎవురు?"
నేను పెట్టె మీది గోనెపట్ట తీసి
మూడోదాన్ని చూపిచ్చినా.
ఆయమ్మ ఏలితో దాన్ని మెల్లగా పైకి తోసింది.
కరెంటు లేదు, ఏమీ మోగలేదు.
కిందికి దించింది. మళ్లీ తోసింది.

బస్సు హారన్ కొడతాంటే ఏలు చూసుకుంది,
దుమ్ము అంటింది.
కొంగుకు తుడుచుకోకుండానే
ఎక్కి కూర్చుంది.