ఉప్పుగింజ

నౌపడ ఉప్పుమళ్ల గట్టు మీద
పొద్దు పొడిచేసరికే బోర్లా పడుకుని ఉన్నాను.
మోచేతులు చురచురమంటున్నాయి.
"ఏటి బాబూ, ఒంట్లో బాగునేదా?" అంది దాలమ్మ,
ఉప్పు లాగే పలక భుజానేసుకుని.
పిట్టపిల్ల కోసమంటే నవ్వింది.
"మూడ్రోజుల్నుంచి ఆ మూల లాగనేదు నాను.
మేస్త్రీకి సెప్పకు."

అప్పుడు కదిలింది, మట్టిబెడ్డ అనుకున్నది.
ఉల్లంకి పిల్ల.
అగ్గిపుల్లల కాళ్ల మీద పరుగు, ఆగడం, మళ్లీ పరుగు.
ఫోకస్ అందేలోగా తల్లి పొట్ట కింద దూరింది.
అక్కడ ఆరు కాళ్లు కనబడ్డాయి,
తల్లివి రెండే.

నాలుగువందల పన్నెండు ఫోటోలు. పనికొచ్చినవి ఏడు.

రాత్రి టెక్కలిలో స్టూడియో షట్టరు దించి కూర్చున్నాను.
పగలంతా పెళ్లికూతుళ్ల మొటిమలు తుడిచే చెయ్యి
ఊరుకోదు కదా.
నీడలు తేల్చాను. గరుకంతా నునుపు చేశాను.
ముక్కు మీద తెల్లచుక్క, తీసేశాను.
కాళ్లకు బురద, తీసేశాను.
మూలన మసగ్గా ఏదో గోధుమరంగు,
అదీ.

పిల్ల మైనపుబొమ్మలా మెరిసింది,
ఏ ఊరని అడిగితే చెప్పలేనట్టు.

ఒక్కో అడుగూ వెనక్కి నడిచాను.
బురద వచ్చింది.
గోధుమరంగు వచ్చింది,
రెండువందల శాతం పెంచి చూస్తే
పగుళ్లు తేలిన మడమ, పక్కన పలక కర్ర.
చివరికి, ముక్కు మీద ఆ ఉప్పుగింజ.

కంట్లో మెరుపు మాత్రం
కాస్త పెంచి ఉంచేశాను.
దాలమ్మ అడిగితే ఒప్పుకుంటాను.