టోక్యో దాకా చూశాం

చాతమ్ దీవిలో మంగళవారం, ఏడూ యాభై ఐదు.
పడవ దిగిన రాతి రొయ్య
ఇంకా మీసాలు ఆడిస్తూనే ఉంది.
పెట్టె ఫ్రీజర్ గదిలోకి వెళ్లగానే
గోడమీది చిన్న యంత్రం చీటీ ఉమ్మింది:
గడ్డకట్టడం మొదలు, సోమవారం,
మధ్యాహ్నం ఒకటీ నలభై రెండు, నలభై నాలుగు సెకన్లు.

సోమవారం మధ్యాహ్నం ఆ రొయ్య
సముద్రంలో రాయి కింద నడుస్తూ ఉంది.

ఙాహుయా చీటీ చింపి చూసింది.
మన అక్షరమాలలో క వర్గం చివర
ఎవరూ పిలవక కూర్చున్న ఙ
ఈ దీవిలో ఒకామె పేరుకి ముందు నిలబడింది.
వాడకం లేకపోయినా దానికి చోటుంచినవాళ్లకి
ఒక దండం.

ఆమె చెవిమీంచి పెన్సిల్ తీసి
చిట్టాలో కూడిక వేసింది, రెండేళ్లుగా వేస్తున్నట్టే:
పద్దెనిమిది గంటలు, పన్నెండు నిమిషాలు, పదహారు సెకన్లు.
వేసవిలో గడియారం గంట ముందుకి జరిగినా అదే తేడా.
ఎందుకో తెలీదు. ఎంతో తెలుసు.

సరుకు కొనేవాళ్లకి చిట్టా అక్కర్లేదు, చీటీ కావాలి.
పట్టకముందే గడ్డకట్టిందని
నలభై పెట్టెలు వెనక్కొచ్చాయి.

గ్రోనింగెన్‌లో వాన.
తడిసిన సైకిలు గోడకి ఆనించి వచ్చి
విట్స్కె ఆ ఫిర్యాదు చదివింది,
సంతకంలోని పేరు పలకలేక రెండుసార్లు ఆగింది.
కోడ్ తెరిచింది.

గ్రీనిచ్‌కి చాతమ్ ఎంత ముందు?
పన్నెండు గంటల నలభై ఐదు నిమిషాలు.
సెకన్లలో నలభై ఐదు వేల తొమ్మిది వందలు.
దాన్ని కూర్చోబెట్టిన డబ్బా పదహారు బిట్లది.
ఒక బిట్టు ముందా వెనకా అని చెప్పడానికే పోతుంది.
మిగతా పదిహేనింటిలో పట్టేది
ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఏడు, అంతే.

కుంచం పొర్లితే గింజలు కాళ్లమీద పడతాయి,
చీపురు తెచ్చుకోవచ్చు.
ఇది పొర్లదు.
నిండిన మరుక్షణం, చప్పుడు లేకుండా,
ఆస్తంతా అప్పయిపోతుంది:
మైనస్ పంతొమ్మిది వేల ఆరు వందల ముప్పై ఆరు.
తూర్పు కొసన ఉన్న దీవి
అట్లాంటిక్‌కి అవతల ఎక్కడో తేలింది.

కంపైలర్ చెప్పింది. ఒకసారి.
రెండు బ్రాకెట్ల మధ్య రకం పేరు రాసి
ఎవరో దాని నోరు నొక్కారు.
ఎవరా అని చరిత్ర తిరగేస్తే
తొమ్మిదేళ్ల కిందటి మార్చి, విట్స్కె పేరే.
పక్కనే ఒక్క ముక్క వ్యాఖ్య:
టోక్యో దాకా చూశాం, బాగానే ఉంది.

టోక్యో ముప్పై రెండు వేల నాలుగు వందలు.
అంచు ఇంకా ఆరు నిమిషాల ఏడు సెకన్ల దూరం.
ఆ ఆరు నిమిషాల్లో ఆమె టీ తాగి ఉంటుంది.

రాత్రి డబ్బాని ముప్పై రెండు బిట్లకి పెంచింది.
బ్రాకెట్లు పీకేసి కంపైలర్‌ని మాట్లాడనిచ్చింది.
రోజుని మించిన తేడా ఎవరైనా తెస్తే
మడతపెట్టి లోపలికి తోయొద్దు,
గుమ్మంలోనే ఆపి అడగమంది.
ఈసారి టోక్యో దగ్గర ఆగలేదు, కిరిబాటి దాకా వెళ్లింది.
వెనక్కి తిరిగి న్యూఫౌండ్లాండ్ పెడితే
మైనస్ మూడు గంటల మైనస్ ముప్పై నిమిషాలని
రెండు మైనస్‌లు అచ్చయ్యాయి.
అదీ దిద్ది, నవ్వి, పడుకుంది.

కొత్త కోడ్ విమానంలో
ఒక వేలిగోరంత కార్డులో దీవికి చేరింది.
గురువారం, ఎనిమిదీ పది. పడవ. పెట్టె. చీటీ:
గురువారం, ఎనిమిదీ పది.
ఙాహుయా చెయ్యి తన పని తాను చేసేసింది,
పద్దెనిమిది, పన్నెండు, పదహారు,
శుక్రవారం తెల్లవారుజామున రెండూ ఇరవై రెండుకి
గడ్డకట్టబోయే రొయ్య.

పెన్సిల్ కొన కాగితంమీదే ఉంచి
ఆమె చాలాసేపు చూసింది.
తర్వాత లేచి రబ్బరు వెతికింది.
రెండేళ్లుగా దానితో పని పడలేదు.