కడగక ముందు

మా అమ్మ తాంగ్‌ఛింగి
బియ్యం కడగక ముందు
ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేది.
పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.
పొయ్యి పక్కన మూతలేని పాలడబ్బా, అది దేవుడిది.
మా చంఫాయ్ కొండల్లో ప్రతి వంటింట్లోనూ
అలాంటి డబ్బా ఒకటి ఉండేది.
వండాక తీస్తే మిగిలింది ఇచ్చినట్టు,
కడగక ముందు తీస్తేనే కానుక, అనేది అమ్మ.

నాకు తొమ్మిదేళ్లప్పుడు వెదురు పూసింది.
నలభై ఎనిమిదేళ్లకోసారి పూస్తుందట.
ఆ పువ్వు చూసి ముసలివాళ్లెవరూ
అందంగా ఉందనలేదు.
గింజలు రాలాయి. గింజలు తిని ఎలుకలు ఈనాయి.
ఒక రాత్రి కొండంతా కరకరమని చప్పుడు.
తెల్లారేసరికి చేలో దంట్లు నిలబడే ఉన్నాయి,
వెన్నులు లేవు.

ఆ చివరి వానల్లోనే నాన్న జ్వరంతో పోయాడు.
పిలవకుండానే కుర్రాళ్లు వచ్చి
జారే బురదలో గొయ్యి తవ్వారు.
రాత్రంతా ఇంటినిండా మనుషులు, పాటలు.
పాడుతున్న నోళ్లలో సగం
ఆ పూట తినని నోళ్లే.

అమ్మ పిడికిలి చిన్నదయింది.
తర్వాత మూడు వేళ్ల చిటికెడు.
ఆ తర్వాత లెక్క: ఏడు గింజలు.
"దేవుడికి ఆకలేస్తుందా అమ్మా?"
కోపంగానే అడిగాను.
"వెయ్యదు. నాకు వేస్తుంది.
అందుకే ముందు ఆయనది తీసేస్తున్నా.
తర్వాతైతే నా చెయ్యి నా మాట వినదు."

ఆదివారం బడిలో చెప్పారు,
సారెపతు విధవరాలి తొట్టిలో పిండి తరగలేదని.
మా ఇంట్లో తరిగింది.
గ్లాసు అడుగుకి గీసుకున్న చప్పుడు
నా చెవులతో విన్నాను.
అమ్మతో అంటే చాలాసేపు ఊదుగొట్టం ఊది
"ఆమె ఇంటికి ఏలీయా వచ్చాడు,
మనింటికి ఎలుకలొచ్చాయి" అంది.
అని, ప్రార్థనకి మోకరించింది.

ఆ నెల బియ్యం పోగుచేసే వంతు అమ్మది.
వీపున వెదురుబుట్ట, నుదుటికి నారపట్టీ.
శనివారం ఇల్లిల్లూ తిరిగింది, వెనకే నేను.
రోకుంగి అవ్వ ఇంట నూకలు.
పాస్టరు గారింట గ్లాసుడు ఎర్రబియ్యం.
దార్‌హ్నూని మాత్రం ఖాళీ డబ్బా పట్టుకుని
గడపలోనే తలదించుకుంది.
అమ్మ ఆ డబ్బా అందుకుని
నిండుగా ఉన్నట్టే బుట్టలో వంచి,
అడుగున తట్టి, తిరిగిచ్చి
"కలోమె" అంది.
మా భాషలో కృతజ్ఞత చెప్పే మాట అదొక్కటే.
విడదీసి చూస్తే
నాకు సంతోషంగా ఉంది, అని.

దారి పొడుగునా బియ్యం వాసన
నా మొహం మీదికే వచ్చింది.
ఒక్క గింజ కూడా అడగలేదు నేను.
కాదు, అడిగాననే అనుకుంటా.
అమ్మ వినపడనట్టు నడిచింది.

మర్నాడు చీకటిపడ్డాక గుమ్మం దగ్గర దగ్గు.
అదే బుట్ట, రోకుంగి అవ్వ వీపు మీద.
ఏమీ మాట్లాడలేదు.
సగం మా చేటలోకి వంచి
మిగతా సగంతో
దార్‌హ్నూని ఇంటివైపు దిగిపోయింది.

అమ్మ కుండలో నీళ్లు పోయబోయి ఆగింది.
ముందు పిడికెడు తీసింది.
నిండు పిడికిలి.

ఆ అన్నం సరిగ్గా ఉడకలేదు.
ఎలా ఉడుకుతుంది, పాతిక ఇళ్ల బియ్యం!
నూకలు జావయ్యాయి, ఎర్రవి పలుకు,
ఎవరివో జిగురుబియ్యం ముద్దకట్టాయి.
ఇది అవ్వది, ఇది పాస్టరు గారిదని
పళ్లెంలో వేలితో విడదీస్తూ
"మన ఏడు గింజలేవమ్మా?" అన్నాను.

అమ్మ దీపం దగ్గరికి లాగింది.
వంగి వెతికింది. నిజంగానే వెతికింది.
నుదుట నారపట్టీ గీత ఇంకా పోలేదు.
"ఏమోనే, తెలీటంలేదు" అంది,
నాన్న పోయాక మొదటిసారి
నవ్వు ఆపుకోలేకపోయింది.
పలుకు మెతుకులు నోట్లో ఉండగానే
"కలోమె" అంది.

ఎవరితో అన్నదో
నేను అడగలేదు.