మంచు పట్టిందా?

మా స్వినోయ్ దీవిలో
ఏడాదికి సగం రోజులు మంచే.
కొండకు పట్టిందో కంటికి పట్టిందో
ఎవరు చెప్పగలరు?
మూడేళ్ళు సున్నువా వాతావరణాన్నే తిట్టింది.

ఉన్నదొక్క కన్ను.
రెండోది చిన్నప్పుడే గాలపు కొక్కెం తీసుకుపోయింది.
తోర్షావ్న్ ఆసుపత్రిలో దీపం వేసి చూసి
శుక్లం ముదిరిందన్నారు.
నా కాఫీ చల్లారకముందే
కంటి మీద చిల్లుల డొప్పతో బయటికొచ్చింది.

చేతిలో ఒక కాగితం.
వంగకూడదు, బరువెత్తకూడదు,
కన్ను నలపకూడదు.
మే నెల, గొర్రెలు ఈనే వేళ.
వంగని మనిషికి దొడ్లో పనేముంది?
కంచె మీద మోచేతులాన్చి
నాకు పనులు పురమాయించింది.
"ఆ మచ్చలదానికి పిల్ల అడ్డం తిరిగింది, చెయ్యి పెట్టు."
డొప్ప చిల్లుల్లోంచి
నాకంటే ముందే చూసింది.

చుక్కల మందు రోజుకు నాలుగుసార్లు.
ఆటుపోట్ల పట్టిక అంచున గీతలు పెట్టుకున్నాను.
సముద్రం లెక్కా కంటి లెక్కా కలిసిపోయి
ఒకరోజు తప్పు వేళకు పడవ దింపాను.
ఇంజను బోల్టులు తిప్పిన వేళ్ళు నావి.
మొదటి చుక్క చెంప మీద,
రెండోది చెవిలో.
"చెవిక్కూడా ఆపరేషన్ చేశారా?" అంది.
కింది రెప్ప లాగి పట్టుకుంటే
లోపల తడితడిగా, గులాబీ రంగు అంచు.
నలభై రెండేళ్ళ కాపురంలో
అది చూడటం అదే మొదలు.

డొప్ప తీసిన రోజు వాకిట్లో నిలబడి
"ఈ తలుపెవరు మార్చారు?"
చచ్చాను.
రెండేళ్ళ కిందట రంగు వేస్తుంటే
ఎరుపు అయిపోయింది,
పడవకు మిగిలిన నారింజ కొట్టేశాను.
పాత రంగేనా అంటే పాత రంగే అన్నాను.
తలుపు మీద వేలు పెట్టి చూసింది.
కంచె దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి మళ్ళీ చూసింది.
ఏమీ అనలేదు.
తిట్టినా బాగుండేది.

ఆ వారమే ఒక రాత్రి
(రాత్రంటే చీకటనుకోకండి,
ఆ రోజుల్లో మా ఆకాశం సగమే కన్ను మూస్తుంది)
లేచి కూర్చుని, గోడ మీద ఈగలు, అంది.
గోడ మీద ఏమీ లేదు.
కాగితం వెతికి తీశాను.
మెరుపులు. నల్లచుక్కల జల్లు.
పక్కనుంచి తెర దిగినట్టుండటం.
నొప్పి, ఎరుపు పెరగడం.
ఏది కనపడ్డా వెంటనే రావాలి,
"వెంటనే" కింద రెండు గీతలు.
బయట గాలి.
రెండ్రోజులుగా పడవ రాలేదు.

ఫోనులో నర్సు అడిగింది, ఎన్ని ఈగలు?
"మూడు. ఒకటి కుంటిది."
మెరుపులు? లేవు. తెర? లేదు.
లెక్కపెడుతూ ఉండండి,
ఒక్కటి పెరిగినా హెలికాప్టర్ పంపిస్తాం.
గొర్రెల్ని లెక్కపెడితే నిద్రొస్తుందంటారు.
ఈగల్ని లెక్కపెడితే రాదు.

గాలి తగ్గాక వెళ్తే
వెనక పొర చిరగలేదన్నారు.
ఈగలు ఉంటాయట, అలవాటవుతాయట.
కుంటిదానికి నా పేరు పెట్టింది.

సెప్టెంబరులో కిటికీ దగ్గర నిలబడి
"మంచు పట్టిందా?" అని అడిగింది.

బయట ఎండ.
ఎదురు దీవి కొండ మీద గొర్రెలు
ఉప్పురాళ్ళలా దేనికది విడివిడిగా.
పట్టింది అంటే సరిపోయేది.
ఒక్క మాట,
తలుపుకు రంగు వేసినంత తేలిక.

"లేదు," అన్నాను.
"ఎదుట పద్నాలుగు గొర్రెలున్నాయి."
పదిహేను అంటుందేమోనని
ఎంతసేపు చూశానో.
అనలేదు.
కిటికీ అద్దం ఒకసారి కొంగుతో తుడిచినట్టు
అరచేత్తో తుడిచింది.

పెట్టిన కటకం వెనక సంచి మసకబారిందట,
చాలామందికి అవుతుందట.
లేజరుతో చిన్న కిటికీ తెరిచారు.
ఈసారి నేను కాఫీ పోసుకోనేలేదు.

తిరుగు పడవలో
నిజం మంచే వచ్చింది, ముక్కు ముందు చెయ్యి కనపడనంత.
పట్టిందా, అని ఈసారి నేనడిగాను.
"పట్టింది," అంది తృప్తిగా,
ఒళ్ళో ఎర్రరంగు డబ్బా పట్టుకుని.
ఇప్పుడు బరువెత్తొచ్చు ఆమె.