పావు వృత్తం

బట్టలబజార్ల వేములోల్ల దుకాణం.
పద్దెనిమిది అడుగుల మొగం, నలభై రెండు లోతు.
లేజరు ఎర్రచుక్క గోడకు తాకంగనే
అంకె చెప్తది. నేను రాసుకుంట.
దూలం కింద ఎనిమిది అడుగుల పది అంగుళాలు,
ఫాల్స్ సీలింగు పోతే ఎనిమిదే మిగుల్తది,
ఏసీ గొట్టాలకు ఇంకో జానెడు పోతది.
వెనక గోడకు ఎండకాలం గూడ చెమ్మనే,
అవుతల హోటలోల్ల నీళ్ల ట్యాంకు.

వేముల శ్రీకర్ ఫోన్ల బొమ్మలు సూపెట్టిండు.
"నక్కలగుట్ట షోరూము లెక్క గావాలె మేడమ్,
ముంగట మొత్తం అద్దం. లోపల తెల్ల లైటు,
కాదు కాదు, బంగారం లెక్క కొట్టేది."
లైటుకు గూడ ఒక నంబరుంటదని చెప్పిన.
మూడు వేలైతే జరీ అంచు మెరుస్తది,
ఆరున్నర వేలైతే రంగు నిజం చెప్తది.
"మెరిసేదే పెట్టుండ్రి" అన్నడు.

పాత పరుపు మీద, తెల్ల దుప్పటి మీద
బైరి కొమురెల్లి. ముప్పై ఆరేండ్ల నౌకరి.
ఆయన మోకాళ్ల కింద పరుపుకు రెండు గుంటలు పడ్డయి.
అవి నా కొలతలల్లకు రాలే.

పర్వతగిరి దిక్కు నుంచి ముగ్గురాడోల్లు వచ్చిన్రు,
చెప్పులు గడప బయట ఇడిసి,
పత్తి పైసలు దస్తీల ముడేసుకొని.
ఒడిబియ్యం చీరెలు గావాలె.
కొమురెల్లి లేవలే, నడుము గూడ కదపలే.
మడత చీరె కొసను రెండు వేళ్ల నడుమ పట్టి
గట్ల ఇసిరిండు.
చీరె గాలిల ఒక్క గడియ ఆగి
దుప్పటంత పరుసుకున్నది.
ముగ్గురు మూడు దిక్కుల కొసలందుకున్నరు.
ఒకామె తిరగేసి ఎనుక పోగులు చూసింది,
ఒకామె ఏమనలే, పక్కకు నూకింది.
మల్లొకటి. మల్లొకటి.
పదిహేడు దాకా లెక్కబెట్టిన.

ప్లానుల తలుపు గీస్తే
పక్కపొంటి ఒక పావు వృత్తం గీస్తం.
తెరిసినప్పుడు తలుపు తినే జాగ అది,
అండ్ల బల్ల పెట్టొద్దు, మనిషి నిలబడొద్దు.
కాలేజీల మొదటి నెలనే నేర్పిన్రు.
అల్మారకు గీస్తం, టాయిలెట్ తలుపుకు గీస్తం,
బిల్లు కౌంటరు సొరుగుకు సుత గీస్తం.
కొమురెల్లి చేతికి
నేను గీయలే.

నా కొత్త ప్లానుల ఆయన
కౌంటరెనుక రెండున్నర అడుగుల సందుల
నిలబడి ఉన్నడు. ఎదురుంగ నాలుగడుగుల నడవ.
ఆడ ఇసిరితే చీరె పోయి
గిరాకి మొకాన పడ్తది,
లేకుంటే ప్లాస్టిక్ బొమ్మ మెడకు సుట్టుకుంటది.

పొద్దుమీకి షట్టరు సగం దించినంక
"ఒక్కపారి ఇసురు కాకా" అన్న.
గిరాకి లేకుంట ఎట్ల అని సిగ్గుపడ్డడు.
మల్ల ఇసిరిండు.
కొస పడ్డకాడ సుద్దముక్కతోని గీత గీసిన.
ఎడమకొకటి. కుడికొకటి.
టేపు పట్టిన. పదకొండు అడుగులు.
"నా చెయ్యి మూరెడున్నర గాదు,
గన్ని అడుగులు యాడికెల్లి వచ్చినయి బిడ్డా?"
తన చెయ్యినే తిప్పి తిప్పి చూసుకున్నడు.

శ్రీకర్ లెక్క గట్టిండు.
అడుగుకు నెలకింత కిరాయి,
గంత జాగ గాలికి ఇడుస్తమా అన్నడు.
వారం దినాలు ఫోనెత్తలే.
ఎనిమిదో దినం ఒప్పుకున్నడు, గని ఒక మూలకు,
పది అడుగులే. గోడకు బోర్డు గావాల్నట,
"మన సంప్రదాయం" అని, ఇత్తడి అక్షరాలతోని.
బోర్డు సంగతి నేనింకా మాట్లాడలే.

ఇయ్యాల పొద్దుగాల
వడ్ల సదానందం ప్లాను కాగితం నేల మీద పరిసి,
నాలుగు మూలలకు నాలుగు మొలల డబ్బాలు పెట్టి,
శానసేపు చూసిండు.
చెవి మీది పెన్సిలు తీసి
పరుపు నడుమ ఆనిచ్చిండు.
"ఈడ గోడనే లేదు గద మేడమ్,
ఈ తలుపు దేనికి బిగియ్యాలె?"