ముందు తాకినవాళ్ల పద్దు

బ్ర్నోలో రాత్రి రెండున్నర.
చివరి ట్రాము ఎప్పుడో వెళ్లిపోయింది,
పట్టాల మీద మంచు తీరిగ్గా పేరుకుంటోంది.
జ్దిస్లావా చల్లారిన టీ పక్కకి నెట్టి
గుంపుల పద్దు విప్పింది.

టికెట్లమ్మే గుంపు, ట్రాము వేళలు చెప్పే గుంపు,
బళ్లల్లో మర్చిపోయిన గొడుగుల జాబితా రాసే
బుల్లి గుంపు.
ఒక్కోదానికీ మెమరీలో ఓ గీత.
గీత దాకా వస్తే
నిద్రపోతున్న పేజీల్ని లేపకుండా మోసుకెళ్లి
స్వాప్‌లో పడుకోబెడుతుంది కెర్నెల్.
పేజీ దిగిపోతుంది గానీ బాకీ దిగదు.
వార్డు మార్చినంత మాత్రాన
రోగి పేరు మారుతుందా?
నాలుగేసి కిలోబైట్ల చొప్పున
అక్కడా అదే పేరు మీద రాసుకుంటారు.
వడ్డీ లేదు, మాఫీ లేదు.

ఈ వారం లెక్క కుదరడం లేదు.
పిల్ల గుంపులన్నీ కూడితే పదకొండు గిగాబైట్లు,
తల్లి గుంపు పదమూడంటోంది.
ఆ రెండూ ఎవరు మింగినట్టు?

మొదట గొడుగుల గుంపు మీదికే పోయింది అనుమానం.
పాపం, అందరికంటే ముందు లేచేది అదే,
అందరూ చదివే ఫైలు ముందు తెరిచేదీ అదే.
ముందు తాకినవాళ్ల ఖాతాలోనే ఖర్చు,
వెనకొచ్చినవాళ్లు ఊరికే చదువుకుపోతారు.
ఆఫీసు వంటగదిలో రోజూ ముందొచ్చి
కాఫీ పొడి కొనే ఓతకర్ గుర్తొచ్చాడు.
అన్యాయమే.
కానీ కూడికలో తప్పు కాదది.

మూడున్నరకి, ఎవరూ చదవని ఓ ఫైలు చివర
ఒక్క వరస దొరికింది.
చనిపోతున్న సంతానం, ఒకటి.

నవంబరులో రద్దు చేసిన గుంపు.
డైరెక్టరీ లేదు, పేరు లేదు,
ఊపిరాడే ప్రాసెస్ ఒక్కటీ లేదు.
అది రాసి వదిలేసిన తాత్కాలిక ఫైలు మాత్రం
స్వాప్‌లో ముడుచుకుని పడుకుంది.
పేజీలున్నంత కాలం
చచ్చినదానికి పూర్తిగా చావు రాదట.

ఒక్క ఆజ్ఞతో తుడిచెయ్యొచ్చు.
వేలు మీట దాకా వెళ్లి ఆగింది.
ఏముందో చూసి తుడుద్దాం.

తెరిచింది.
ఏడేళ్ల మంచు లోతులు,
స్టాపు స్టాపుకీ, గంట గంటకీ,
ఎవరు ఎందుకు కొలిచారో
ఎక్కడా రాయలేదు.
చదువుతూ కిందికి జరుపుతుంటే
పేజీలు ఒక్కొక్కటే కళ్లు నులుముకుంటూ
పైకొస్తున్నాయి.

పక్క కిటికీలో స్వాప్ అంకె తగ్గుతోంది.
దాని కింద, ఇంతసేపూ ఖాళీగా ఉన్న
జ్దిస్లావా సొంత పద్దు
పెరగడం మొదలుపెట్టింది.